నెల్లూరులో పోస్ట్-పంక్ మిక్స్: పాటలు ఏరడం నుంచి చేతికివ్వడం దాకా

మిక్స్ (ఒకరి కోసం ఏరి వరసగా కూర్చిన పాటలు) అనగానే చాలామంది ముందు పాటలు పోగేస్తారు. ముందు తేల్చుకోవాల్సింది వినే మనిషి ఎవరన్నది. కాగితం తీసుకుని ఒక్క పేరు రాయండి. మాగుంట లేఅవుట్‌లో ఉండే బాబాయి కొడుకో, కావలిలో బ్యాంకు ఉద్యోగం చేసే స్నేహితురాలో, ఒంగోలులో ఇంజనీరింగ్ చదువుతున్న మేనల్లుడో, ఎవరైనా సరే. పేరు మాత్రం ఒక్కటే ఉండాలి. పదిమందిని దృష్టిలో పెట్టుకుని చేసిన మిక్స్ ఎవరికీ పూర్తిగా నచ్చదు.

ఇంకో సంగతి కూడా మొదట్లోనే చెప్పేస్తాను. పోస్ట్-పంక్ సంగీతం ఇష్టపడేవాళ్ళకి ‘ఎవరికీ తెలియనిది నాకు తెలుసు’ అనే సరదా ఒకటి ఉంటుంది. యాభై కాపీలే వేసిన క్యాసెట్, బెల్జియంలో ఎవరో గరాజ్‌లో చేసుకున్న పాట, ఇలాంటివి తవ్వి తీయడం బాగానే ఉంటుంది. కానీ మన దగ్గర ఆ పోటీకి అర్థం లేదు. లండన్‌లో ప్రతి ఒక్కరికీ తెలిసిన బ్యాండ్ కూడా మన ట్రంకు రోడ్డులో ఎవరికీ తెలియని బ్యాండే. కాబట్టి అరుదైనదా కాదా అన్న లెక్క పక్కన పెట్టి, ఆ మనిషి చెవికి ఏది ముందు పట్టుకుంటుందో చూడండి.

చెవికి దారి ఎక్కడుంది

1976-77లో ఇంగ్లండ్‌లో పంక్ అనే మొరటు రాక్ హోరు నడిచింది. అది తగ్గాక, గిటార్ మీద అవే మూడు కార్డ్స్ (స్వరగుచ్ఛాలు) గట్టిగా కొట్టడంతో విసుగెత్తిన కుర్రాళ్ళు వేరే దారులు వెతికారు. గిటార్‌ని వెనక్కి నెట్టి, మంద్రంగా మోగే బేస్ గిటార్‌ని ముందుకు తెచ్చారు. జమైకా డబ్ సంగీతం విని, పాటలో ఖాళీ వదలడం నేర్చుకున్నారు. అదే పోస్ట్-పంక్. అదే రోజుల్లో మామూలు మనిషి కొనగలిగే సింథసైజర్లు వచ్చాయి. కోర్గ్ ఎంఎస్-20 వచ్చింది 1978లో, రోలాండ్ టీఆర్-808 డ్రమ్ మెషీన్ 1980లో. మాంచెస్టర్‌లో ఫ్యాక్టరీ, లండన్‌లో రఫ్ ట్రేడ్, మ్యూట్ లాంటి చిన్న లేబుళ్ళు (రికార్డులు వేసే సంస్థలు) కూడా 1978లోనే మొదలయ్యాయి. మ్యూట్ మొదటి రికార్డు కథ చెప్పుకోదగ్గది. డేనియల్ మిల్లర్ అనే ఒక్క మనిషి, ఒక కోర్గ్ సింథ్, ఒక నాలుగు ట్రాకుల టేపు మెషీన్ పెట్టుకుని ఇంట్లోనే రికార్డు చేసి, ‘ది నార్మల్’ అనే పేరుతో బయటికి వదిలాడు.

ఈ చరిత్రంతా వినేవాళ్ళకి చెప్పక్కర్లేదు. మీకు తెలిస్తే చాలు. వాళ్ళకి కావాల్సింది తెలిసిన ఒక మెట్టు. మన చెవులకి ఆ మెట్టు బేస్ గిటారే అని నా నమ్మకం. ఇళయరాజా పాటలు వింటూ పెరిగిన వాళ్ళకి బేస్ వెనకాల దుమ్‌దుమ్మని కొట్టుకునే వాయిద్యం కాదని తెలుసు. పల్లవి ఒక దారిలో పోతుంటే బేస్ తన సొంత రాగం తాను పాడుకుంటూ పోతుంది. మాంచెస్టర్ బ్యాండ్ జాయ్ డివిజన్‌లో పీటర్ హుక్ బేస్ మీద పైస్థాయిలో వాయించిన వరసలు కూడా అలాంటివే. పాడే గొంతు అర్థం కాకపోయినా, ఇంగ్లీషు తలకెక్కకపోయినా, బేస్ పట్టుకుని నడిచిపోవచ్చు. అందుకే మొదటి మూడు పాటల్లో బేస్ స్పష్టంగా వినిపించాలి. అరుపులు, ఇనపరేకు గీసినట్టుండే గిటార్లు ఆ తర్వాత చూసుకోవచ్చు.

రెండో మెట్టు రాగం. చరణ్‌జీత్ సింగ్ అనే బొంబాయి సినిమా వాద్యకారుడు 1982లో జూపిటర్-8, టీబీ-303, టీఆర్-808 అనే మూడు రోలాండ్ మెషీన్లు పెట్టుకుని, పది హిందుస్తానీ రాగాలని డిస్కో దరువు మీద వాయించి రికార్డు వేశాడు. అప్పట్లో దాన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 2010లో మళ్ళీ విడుదలయ్యాక ప్రపంచమంతా తిరిగింది. అందులో భూపాలి అంటే మన మోహన, మాల్కౌంస్ అంటే మన హిందోళం. సంగీతం క్లాసుకి వెళ్ళిన మీ పిన్ని కూడా ఆ ట్రాకు దగ్గర తల ఎత్తి చూస్తుంది. ఇది పోస్ట్-పంక్ కాదని ఎవరైనా అభ్యంతరం చెబితే చెప్పనివ్వండి. సింథ్ మిక్స్‌లోకి మన వాళ్ళని తీసుకెళ్ళడానికి ఇంతకంటే మంచి వంతెన నాకు దొరకలేదు.

పాటలు తెచ్చుకోవడం

బ్యాండు పేరు పట్టుకుని వెతికితే తెలిసినవే మళ్ళీ మళ్ళీ ఎదురవుతాయి. లేబుల్ పట్టుకుని వెతకండి. న్యూయార్క్‌లో వెరోనికా వాసికా 2005లో మొదలుపెట్టిన మినిమల్ వేవ్, శాన్‌ఫ్రాన్సిస్కోలో జాష్ చియాన్ 2009లో మొదలుపెట్టిన డార్క్ ఎంట్రీస్ - ఈ రెండూ ఎనభైల నాటి మరుగునపడ్డ సింథ్ క్యాసెట్లని వెతికి, ఆ కళాకారులతోనే మాట్లాడుకుని మళ్ళీ వేస్తుంటాయి. మినిమల్ వేవ్ తొలి రికార్డు ఆపెన్‌హైమర్ అనాలిసిస్ వాళ్ళది. 1982లో క్యాసెట్‌గా మాత్రమే తిరిగిన పాటలవి. కొత్తవాళ్ళూ ఉన్నారు. బెలారస్ రాజధాని మిన్స్క్‌లో 2017లో మొదలైన మోల్చాత్ దోమా రష్యన్‌లో పాడుతుంది. భాష రాకపోయినా మన కుర్రాళ్ళు రీల్స్‌లో ఆ బ్యాండుని ఇప్పటికే విని ఉంటారు. పేరు మాత్రం తెలిసి ఉండదు.

ఇలాంటి పాటలు కొనడానికి బ్యాండ్‌క్యాంప్ సులువైన చోటు. మనం ఇచ్చేదాంట్లో ఎక్కువ భాగం కళాకారుడికో లేబుల్‌కో చేరుతుంది. డిజిటల్ అమ్మకాల మీద వాళ్ళు తీసుకునేది మామూలుగా 15 శాతం. కొన్ని రికార్డులకి మీకు తోచినంత ఇవ్వచ్చు. చిక్కంతా పేమెంట్ దగ్గర. మన డెబిట్ కార్డుల్లో విదేశీ లావాదేవీలు మామూలుగా ఆఫ్‌లో ఉంటాయి. బ్యాంకు యాప్‌లో కార్డు సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఇంటర్నేషనల్ ఆన్ చేసి, చిన్న లిమిట్ పెట్టుకుని, కొన్నాక మళ్ళీ ఆఫ్ చేయండి. డౌన్‌లోడ్ చేసేటప్పుడు ఎంపీ3 వద్దు, నాణ్యత తగ్గకుండా దాచే ఫ్లాక్ ఫైలు తీసుకోండి. దాన్ని ఎడిట్ చేసి మళ్ళీ ఫ్లాక్‌గానే దాచుకుంటే నాణ్యత పోదు.

ఎక్కడినుంచో వచ్చిన ఫైలు మీ దగ్గర ఉంటే, వాడేముందు ఒక పరీక్ష చేయండి. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరిచి, ట్రాకు పేరు దగ్గర మెనూలో స్పెక్ట్రోగ్రామ్ ఎంచుకోండి. కింద బేస్, పైన తాళాల మోత రంగుల్లో కనిపిస్తాయి. 16 కిలోహెర్ట్జ్ దగ్గర అడ్డంగా గీత గీసినట్టు ఆగిపోయి, పైన అంతా ఖాళీగా ఉంటే అది 128 కేబీపీఎస్ ఎంపీ3 అయ్యుండొచ్చు. పేరు చివర ఫ్లాక్ అని ఉన్నా సరే, ఎవరో ఎంపీ3ని ఫ్లాక్‌గా మార్చి పెట్టారన్నమాట. అయితే 1981లో ఇంట్లో క్యాసెట్ మీద చేసిన రికార్డింగ్ అయితే పైన అసలే ఏమీ ఉండదు. అక్కడ గీత ఉండదు, రంగు మెల్లగా పలచబడుతుంది. ఆ తేడా రెండు మూడు ఫైళ్ళు చూస్తే కన్నుకి అలవాటవుతుంది.

ఎంతసేపు, ఏ వరసలో

నిడివి ముందే తేల్చుకోండి. 60 లేదా 90 నిమిషాలు. నెల్లూరు నుంచి ఒంగోలుకి ఎక్స్‌ప్రెస్ రైలు ప్రయాణం గంటన్నరకి అటూ ఇటూ. ఆ సమయానికి సరిపడే మిక్స్ మన జిల్లాల్లో ఎవరికైనా పనికొస్తుంది. నేనైతే 60 నిమిషాలకే ఓటేస్తాను. కొత్త సంగీతం గంటకి మించి ఒక్కబిగిన వింటే చెవి అలిసిపోతుంది.

క్యాసెట్ మీద చేసినా, ఫోన్‌లో పంపినా, మిక్స్‌ని రెండు వైపులుగానే ఆలోచించండి. ఎ సైడు ముప్పై నిమిషాలు, బి సైడు ముప్పై. ఎ సైడు వినేవాళ్ళ కోసం, బి సైడు మీకోసం. ఎ సైడులో నమ్మకం కుదిరితే బి సైడులో మీ పిచ్చి ఎంతైనా చూపించుకోవచ్చు.

ఒక ఎ సైడు ఎలా కడతానో చూపిస్తాను. మొదటి పాట యంగ్ మార్బుల్ జెయింట్స్‌ది. వేల్స్‌లోని కార్డిఫ్ నుంచి వచ్చిన ముగ్గురు. 1980లో ఒక్క ఆల్బం వేసి విడిపోయారు. డ్రమ్మర్ లేడు. క్యాసెట్‌లో ముందే రికార్డు చేసుకున్న రిథమ్ బాక్స్ టిక్ టిక్‌మంటుంటే, బేస్ నడుస్తుంటే, ఒక అమ్మాయి పక్కన కూర్చుని మాట్లాడినట్టు పాడుతుంది. భయపెట్టేది అందులో ఏమీ ఉండదు. దాని తర్వాత చరణ్‌జీత్ సింగ్ భూపాలి. చిన్న రిథమ్ బాక్స్ నుంచి పెద్ద 808కి వెళ్ళామన్నమాట. దరువు పెరిగింది, రాగం తెలిసినదే. మూడోది లండన్ బ్యాండ్ ది సౌండ్ నుంచి. ఇక్కడ తొలిసారి గిటార్, నిజమైన డ్రమ్స్, గుండెలోంచి పాడే మగ గొంతు వస్తాయి. నాలుగోది ది నార్మల్. గొంతులో ఏ భావమూ ఉండదు, మెషీన్ చప్పుడు మాత్రమే. వినేవాళ్ళు ‘ఇదేంది’ అని ఆగే చోటు ఇదే. సగం దారి వచ్చేశారు కాబట్టి దిగిపోరు. అయిదోది స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నుంచి గ్రౌజోన్, జర్మన్‌లో పాడతారు. ఆరోది మోల్చాత్ దోమా. నలభై ఏళ్ళ తర్వాత వేరే దేశంలో వేరే భాషలో అదే బేస్, అదే చలి. ఏడోది పాట లేని, సింథ్ మాత్రమే ఉన్న చిన్న ముక్క. దానితో సైడు అయిపోతుంది.

ఈ వరసలో ప్రతి పాటలోనూ ముందు పాట నుంచి ఏదో ఒకటి కొనసాగుతుంది, ఏదో ఒకటి మారుతుంది. అన్నీ ఒకేసారి మారితే మిక్స్ తెగుతుంది. ఏదీ మారకపోతే నిద్రొస్తుంది. ఈ సంగీతంలో పాటలన్నీ ఒకేలా అనిపించే ప్రమాదం ఎక్కువ. బొంగురు మగ గొంతులు రెండు పక్కపక్కన పెట్టకండి. పెడితే ‘ఏంది అబ్బయ్యా, చావింట్లో వేసినట్టుండాయి నీ పాటలు’ అనే మాట తప్పదు. రెయిన్‌కోట్స్, మలారియా బ్యాండ్లలా ఆడవాళ్ళు పాడినవి ఎన్నో ఉన్నాయి. మధ్యలో వేస్తే గాలి ఆడుతుంది.

పాత రోజుల్లో మన ఊళ్ళలో రికార్డింగ్ షాపులు ఉండేవి కదా. ఖాళీ క్యాసెట్టూ, తెల్లకాగితం మీద పాటల లిస్టూ ఇస్తే రెండు రోజుల్లో రికార్డు చేసి ఇచ్చేవాళ్ళు. సైడు చివర మూడు నిమిషాలు మిగిలితే షాపాయన తనకి నచ్చిన పాట ఒకటి వేసేవాడు. మీరు కూడా ప్రతి సైడు చివర అలాంటి జాగా కాస్త ఉంచుకోండి. లెక్క ప్రకారం ఎంచుకోని, ఆ రోజు మనసుకి తోచిన పాట వేయడానికి.

ఆడాసిటీలో కూర్చడం

ఇక్కడ చాలామందికి టెన్షన్ మొదలవుతుంది, అవసరం లేదు. పాటలన్నీ వరసలో ఇంపోర్ట్ చేయండి. ఒక్కో పాట ఒక్కో ట్రాకులో పడుతుంది. ప్రాజెక్టు శాంపిల్ రేటు 44,100 హెర్ట్జ్ పెట్టుకోండి. తర్వాత పాట బ్లాకుని మౌస్‌తో పక్కకి జరిపి, ముందు పాట ఎక్కడ ఆగుతుందో అక్కడ మొదలయ్యేలా మెట్లు మెట్లుగా అమర్చండి.

అసలు పని శబ్దం సరిపెట్టడం. 1980 నాటి రికార్డులు మెల్లగా ఉంటాయి, 2018 నాటివి గట్టిగా ఉంటాయి. పక్కపక్కన పెడితే వినేవాళ్ళు పాట పాటకీ వాల్యూమ్ తిప్పుకోవాలి. ఎఫెక్ట్స్ మెనూలో లౌడ్‌నెస్ నార్మలైజేషన్ ఉంది. ఒక్కో ట్రాకు విడిగా ఎంచుకుని మైనస్ 16 ఎల్‌యుఎఫ్ఎస్ (చెవికి వినిపించే గట్టిదనం కొలత) దగ్గర పెట్టండి. అది స్థూలంగా సరిచేస్తుంది. మిగతాది చెవితో చూసుకోవాలి. గొంతుల్ని పోల్చడం కంటే బేస్‌ని పోల్చడం మేలు. ముందు పాట చివరి ఇరవై సెకన్లు, తర్వాతి పాట మొదటి ఇరవై సెకన్లు వినండి. బేస్ ఒక్కసారిగా మాయమైనా, మీద పడ్డా, ఎన్వలప్ టూల్‌తో కాస్త సర్దండి. ఇది హెడ్‌ఫోన్‌లో ఒకసారి, ఫోన్ స్పీకర్‌లో ఒకసారి, వీలైతే కారులో ఒకసారి చేయాలి. ఫోన్ స్పీకర్‌లో బేస్ ఎలాగూ వినిపించదు. దాని పైస్వరాలైనా వినిపిస్తున్నాయా అన్నదే అక్కడ చూడాల్సింది.

పాటకీ పాటకీ మధ్య ఏం చేయాలి? పోస్ట్-పంక్ పాటలు చాలావరకు టక్కున ఆగుతాయి. ఆ ఆగడంలోనే వాటి అందం ఉంది. వాటిని క్రాస్‌ఫేడ్ చేయకండి, అంటే ఒకటి తగ్గుతుండగా ఇంకొకటి పెంచి కలపకండి. ఒకటిన్నర సెకన్ల ఖాళీ వదిలి తర్వాతి పాట మొదలుపెట్టండి. సింథ్ పాటలు మెల్లగా కరిగిపోతాయి కాబట్టి ఆరేడు సెకన్లు ఒకదాని మీద ఒకటి ఎక్కించవచ్చు. ఆ కలిసే చోట రెండు దరువుల వేగం వేరైతే గజిబిజి అవుతుంది. మొదటి పాటలో దరువు ఆగిపోయాకే రెండో దాన్ని రానివ్వండి. అన్ని చోట్లా ఒకే రకం క్రాస్‌ఫేడ్ వాడితే పెళ్ళి డీజే సెట్ అయిపోతుంది. పెళ్ళిలో అది బాగానే ఉంటుంది, ఇక్కడ కుదరదు.

రికార్డు ప్లేయర్ నుంచి ఎక్కించిన పాటైతే 25 హెర్ట్జ్ దగ్గర హై-పాస్ ఫిల్టర్ ఒకసారి వేయండి. ప్లేయర్ మోటారు గుర్రు తగ్గుతుంది. నాయిస్ రిడక్షన్ జోలికి మాత్రం పోవద్దు. క్యాసెట్ సర్రు తీయబోతే సింథ్ మీద నీళ్ళలో మునిగిన చప్పుడు వస్తుంది. ఆ పాటలకి కాస్త సర్రు ఉంటేనే నిండుదనం.

అంతా అయ్యాక పీక్ మైనస్ 1 డీబీ దాటకుండా చూసి, ఎ సైడు, బి సైడు విడివిడిగా ఫ్లాక్‌లో 16 బిట్‌కి ఎక్స్‌పోర్ట్ చేయండి. అదే మీ అసలు కాపీ. పంచడానికి ఎంపీ3 320 కేబీపీఎస్ చాలు. నిమిషానికి 2.4 ఎంబీ చొప్పున, గంట మిక్స్ 144 ఎంబీ అవుతుంది.

క్యాసెట్ మీద ఎక్కించాలనుకుంటే

ఫోన్‌లో పంపితే సరిపోయేదానికి క్యాసెట్ ఎందుకని అడిగేవాళ్ళుంటారు. పాట దాటేయడం కుదరకపోవడమే దాని గొప్ప. ఇరవై సెకన్లు విని తీసేసే అలవాటున్న వాళ్ళ చేత నాలుగు నిమిషాలు వినిపించాలంటే ఇంతకంటే దారి లేదు. వినేవాళ్ళ దగ్గర ప్లేయర్ ఉందో లేదో మాత్రం ముందే కనుక్కోండి.

ఖాళీ క్యాసెట్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. సీ-60 తీసుకోండి. సీ-90లో టేపు పలచన, సీ-120లో మరీ పలచన. పాత టేప్ రికార్డర్లు ఆ పలచటి టేపుని నమిలేస్తాయి. ఇంట్లో పాత భక్తి పాటల క్యాసెట్లు ఉంటే వాటి మీద కూడా ఎక్కించవచ్చు. పైఅంచున రెండు చిన్న కన్నాలుంటాయి, వాటికి సెల్లోటేపు అతికిస్తే రికార్డింగ్ అవుతుంది. అయితే చెరిపేముందు రెండు వైపులా పూర్తిగా వినండి. మన జిల్లాల్లో కువైట్‌కీ దుబాయ్‌కీ వెళ్ళినవాళ్ళు ఉత్తరాలకి బదులు మాటలు రికార్డు చేసి పంపిన రోజులున్నాయి. భక్తి పాటల డబ్బాలో తాతయ్య గొంతు ఉండొచ్చు. అమ్మని అడగకుండా మాత్రం దేన్నీ చెరపకండి.

మొదలుపెట్టే ముందు రికార్డర్ హెడ్డు, రబ్బరు చక్రం తుడవండి. మందుల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఇయర్‌బడ్ ముంచి, హెడ్డు మీద గోధుమరంగు మరక పోయేదాకా రుద్దండి. ఆరాక టేపు పెట్టండి. మొదటి అయిదారు సెకన్లు రికార్డింగ్ కాని తెల్లటి లీడర్ టేపు ఉంటుంది. అది దాటేదాకా పెన్సిల్‌తో తిప్పండి.

ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి రికార్డర్ లైన్-ఇన్‌కి 3.5 ఎంఎం టు ఆర్‌సీఏ కేబుల్ వాడండి. ఏ ఎలక్ట్రానిక్స్ షాపులోనైనా దొరుకుతుంది. గుమ్మ్‌మని హమ్ వినిపిస్తే ల్యాప్‌టాప్ చార్జర్ తీసేయండి, చాలాసార్లు దానితోనే పోతుంది. చార్జర్ లేకుండా నడిపితే మధ్యలో కరెంటు పోయినా కంప్యూటర్ ఆగదు. రికార్డర్‌కి కూడా బ్యాటరీలు వేయగలిగితే వేసవి సాయంత్రాల్లో ధైర్యంగా ఉండొచ్చు. నోటిఫికేషన్లు ఆపేయండి. మిక్స్ మధ్యలో వాట్సాప్ టింగుమంటే క్యాసెట్ ఉన్నంతకాలం టింగుమంటూనే ఉంటుంది.

మీ దగ్గర ఉన్నది పాత టూ-ఇన్-వన్ అయితే దానికి లెవెల్ నాబ్ ఉండదు. శబ్దాన్ని అదే సర్దుకుంటుంది. పాటల మధ్య ఖాళీ రాగానే సర్రుని పైకి లేపుతుంది, తర్వాతి పాట మొదటి దెబ్బ పడగానే ఒక్కసారి కిందికి నొక్కుతుంది. దానికి విరుగుడు ఖాళీలు తగ్గించడమే. క్యాసెట్ కోసం వేరే ఎక్స్‌పోర్ట్ చేసి, ఒకటిన్నర సెకన్లని అర సెకనుకి కుదించండి. నాబ్ ఉన్న డెక్ అయితే, మామూలు ఫెర్రిక్ టేపు మీద డ్రమ్ దెబ్బలకి ముల్లు కాస్త ఎర్ర గీతల్లోకి వెళ్ళినా పర్వాలేదు. సర్రు తగ్గించే డాల్బీ స్విచ్ ఆఫ్ చేయండి. వినేవాళ్ళ ప్లేయర్‌లో డాల్బీ లేకపోతే మీరు ఆన్ చేసి రికార్డు చేసింది కీచుగా వినిపిస్తుంది.

రికార్డింగ్ అయ్యాక అతికించిన సెల్లోటేపు పీకేయండి. కొత్త క్యాసెట్ అయితే ఆ చిన్న ప్లాస్టిక్ ముక్కలు విరగ్గొట్టండి. ఇక పొరపాటున కూడా ఎవరూ చెరపలేరు. రోహిణి కార్తెలో క్యాసెట్‌ని కారు డాష్‌బోర్డు మీద వదలొద్దని ఇచ్చేటప్పుడే చెప్పండి. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు ఊళ్ళలో అయితే తేమకి టేపు అంచున తెల్లటి బూజు పడుతుంది. జిప్ కవరులో, కొత్త చెప్పుల డబ్బాలో వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకటి వేసి ఇస్తే సరి.

అట్ట, పాటల లిస్టు

క్యాసెట్ డబ్బాలో పెట్టే అట్ట కొలతలివి. ఎత్తు 102 మి.మీ., ముందు భాగం వెడల్పు 65, వీపు 13, వెనక మడత 16. మొత్తం 94 మి.మీ. ఒక ఏ4 కాగితం మీద నాలుగు హాయిగా పడతాయి. ఏ డీటీపీ షాపులోనైనా 200 జీఎస్ఎం ఆర్ట్ పేపర్ మీద ప్రింట్ తీస్తారు. ఆ సంగీతం పుట్టినకాడ చాలా అట్టలు జిరాక్స్ మెషీన్ మీద తయారైనవే. కాబట్టి నలుపు-తెలుపులో జిరాక్స్ తీయించినా చిన్నతనం కాదు. పెన్నా బ్రిడ్జి ఫోటో ఒకటి తీసి కాంట్రాస్ట్ పెంచి రెండుసార్లు జిరాక్స్ తీయండి, మాంచెస్టర్‌కి ఏమాత్రం తీసిపోదు.

లిస్టులో బ్యాండు పేరు, పాట పేరు, ఊరు, సంవత్సరం రాయండి. బ్యాండు పేర్లు తెలుగు అక్షరాల్లో రాస్తేనే పలకడం తెలుస్తుంది. పక్కన అసలు స్పెల్లింగు కూడా ఇవ్వండి, లేకపోతే వెతుక్కోలేరు. ఎక్కడ కొనుక్కోవచ్చో చివర్లో ఒక లైను తప్పనిసరి.

పంచడం, చట్టం

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. దాని ప్రకారం సౌండ్ రికార్డింగ్ మీద హక్కు, విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు ఉంటుంది. అంటే 1980లో వచ్చిన పాట 2040 చివరిదాకా ఒకరి సొత్తే. సొంత వాడకానికి చట్టం కొంత వెసులుబాటు ఇస్తుంది. టెలిగ్రామ్ చానెల్‌లో పెట్టి వందలమందికి డౌన్‌లోడ్ ఇవ్వడం ఆ వెసులుబాటు కిందికి రాదు. డబ్బులు తీసుకుంటే మరీ తప్పు. కాగితం మీద ఒక్క పేరే రాయమని మొదట్లో చెప్పడానికి ఇదొక కారణం.

ఎక్కువమందికి వినిపించాలని ఉంటే మిక్స్‌క్లౌడ్‌లో పెట్టండి. లేబుళ్ళతో, హక్కుల సంస్థలతో లైసెన్సులు కుదుర్చుకున్న చోటు అది. విన్నదానికి కళాకారులకి రాయల్టీ పోతుంది. ఒకే బ్యాండు పాటలు గుప్పిస్తే అక్కడ ఆంక్షలు వస్తాయి, మంచి మిక్స్‌లో ఎలాగూ అలా వేయరు. యూట్యూబ్‌లో పెడితే, ఇతరుల పాటల్ని గుర్తుపట్టే వాళ్ళ కంటెంట్ ఐడీ పట్టేసుకుంటుంది. కాఫీ షాపులోనో హాలులోనో జనానికి వినిపించాలంటే పాటల హక్కులు చూసే పీపీఎల్, ఐపీఆర్ఎస్ సంస్థల లైసెన్సులు కావాలి. మేడ మీద నలుగురు స్నేహితులు కూర్చుని వింటే ఆ గొడవ లేదు.

ఒక్కరికే పంపేటప్పుడు వాట్సాప్‌లో ఆడియోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, ఫైలు ఉన్నదున్నట్టు వెళుతుంది. 2 జీబీ దాకా పడుతుంది. కారు కోసం పెన్‌డ్రైవ్ ఇస్తే ఎఫ్ఏటీ32లో ఫార్మాట్ చేసి ఎంపీ3లే వేయండి. చాలా కారు స్టీరియోలకి ఫ్లాక్ తెలియదు. ఎ సైడు, బి సైడు రెండే ఫైళ్ళుగా ఉండనివ్వండి. పాటలు విడివిడిగా వేస్తే స్టీరియో తనకి తోచిన వరసలో వాయించి, మీరు కట్టిన వరసంతా చెడగొడుతుంది.

ఇచ్చేటప్పుడు

ఎక్కువ వివరించకండి. ‘బేస్ గిటార్ పట్టుకుని విను’ అని ఒక్క మాట చెప్పి ఇచ్చేయండి. ఎప్పుడు వినాలో చెప్పొచ్చు. రైలులో వినమనండి, లేదా రాత్రి కావలి దాటాక ఖాళీగా ఉండే హైవే మీద వినమనండి. మర్నాడే ఫోన్ చేసి ‘విన్నావా’ అని అడగడం మాత్రం వద్దు. మొహమాటానికి బాగుందంటారు, ఆ మాటతో మీకు తెలిసేది ఏమీ ఉండదు. వారం పదిరోజులు ఆగితే వాళ్ళంతట వాళ్ళే ఏదో ఒక పాట గురించి అడుగుతారు. ఎక్కువగా అడిగేది మీరు ఊహించని పాటే అయ్యుంటుంది. నాకు తెలిసినంతలో ది నార్మల్ గురించి అడిగినవాళ్ళే ఎక్కువ, అదీ తిడుతూ. తిట్టినా అడిగారంటే పాట పట్టుకున్నట్టే.

అడిగిన రోజే ఆ పాట కొనుక్కునే లింకు పంపండి. రెండో మిక్స్ ఆ పాట తర్వాత ఏం రావాలన్న దగ్గర్నుంచి కట్టడం మొదలుపెట్టండి. మొదటి మిక్స్ ప్రాజెక్టు ఫైలు, ఫ్లాక్, పాటల లిస్టు ఒకే ఫోల్డర్‌లో పెట్టి రెండు చోట్ల దాచుకోండి. ఏ పాట ఎవరికి ఇచ్చారో లిస్టు పక్కన రాసుకోండి. ఆర్నెల్ల తర్వాత అదే పాట అదే మనిషికి మళ్ళీ వేయకుండా ఉండటానికి ఆ ఒక్క గడి చాలు.